ప్రభుత్వ సైటులో ఉన్న గండికోట ఫోటో ఎవరిది?

ప్రశ్న: నేను కడప జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. సీమ కోటల మీద 160 పేజీల పుస్తకం సొంత ఖర్చుతో వేయిస్తున్నాను. వెయ్యి ప్రతులు, వెల పెట్టి అమ్ముతాను. అందులో వేయాలనుకున్న 22 ఫోటోలను ప్రభుత్వ వెబ్‌సైట్ల గ్యాలరీల నుంచి దించుకున్నాను. ఇరవై ఒకటింటి కింద ఎవరి పేరూ లేదు. గండికోట లోయ ఫోటో మూలన మాత్రం చిన్న అక్షరాల్లో ఒక పేరు ఉంది. ఉచితంగా వాడుకోవచ్చని సైటులోనే రాసి ఉంది కదా, వాడుకుంటే ఇబ్బంది ఉందా? మూలన ఉన్న పేరు కత్తిరించవచ్చా?

జవాబు:

అయ్యవారూ, మా వైపు బడిలో చదువు చెప్పేవారిని ఇలా పిలవడమే అలవాటు, ఏమీ అనుకోవద్దు. మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ పేరు కత్తిరించవద్దు. ఫోటోను అడగకుండా వాడడం ఒక తప్పు, పేరు తీసేయడం దాని మీద ఇంకో తప్పు. ఫోటో మీద వేసుకున్న పేరు చట్టం దృష్టిలో హక్కుల సమాచారం. తెలిసి దాన్ని తీసేస్తే 1957 నాటి కాపీరైట్ చట్టం 65బి సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. 2012 సవరణతో చేరిన సెక్షన్ ఇది. అంతకన్నా పెద్ద నష్టం, రేపు ఎవరైనా నిలదీస్తే 'నాకు తెలియదండీ' అనే అవకాశం మీకు ఉండదు. కత్తెర పట్టుకున్నవాడికి అక్కడ పేరు ఉందని తెలుసు కదా.

ఇక అసలు సంగతి. ఉచితం అనే మాట కనబడగానే అందరూ చదవడం ఆపేస్తారు. దాని కిందే ఇంకో వాక్యం ఉంటుంది. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం కేంద్రం తయారు చేసిన మార్గదర్శకాల్లో కాపీరైట్ పేజీకి ఒక నమూనా ఉంది, చాలా సైట్లు దాన్నే కొద్ది మార్పులతో పెట్టుకున్నాయి. దాని సారం ఇది: సమాచారాన్ని ఉచితంగా తిరిగి ప్రచురించుకోవచ్చు, ఉన్నది ఉన్నట్టు వేయాలి, కించపరిచేలా గానీ తప్పుదోవ పట్టించేలా గానీ వాడకూడదు, ఎక్కడి నుంచి తీసుకున్నారో స్పష్టంగా చెప్పాలి. ఆ తరువాత, బయటివారి కాపీరైట్ అని గుర్తించిన వాటికి ఈ అనుమతి వర్తించదు, వాటికి అసలు హక్కుదారునే అడగాలి అని ఉంటుంది. ముందుగా మెయిలు రాసి అనుమతి తీసుకున్నాకే వాడుకోవాలనే షరతు కూడా కొన్ని సైట్లలో కనిపిస్తుంది. మీరు ఫోటో దించుకున్న ప్రతి సైటులోనూ ఆ పేజీ తెరిచి, తేదీతో సహా ప్రింటు తీసి దాచుకోండి. ఈ పేజీలు చెప్పకుండా మారిపోతుంటాయి.

చిక్కంతా 'గుర్తించిన' అనే మాటలో ఉంది. గుర్తించాల్సింది ఆఫీసు. ఆఫీసుకు ఆ తీరిక ఉండదు. మీ గండికోట ఫోటో మీది పేరు కూడా ఆఫీసు వేసి ఉండదు, తీసినాయన ముందుచూపుతో వేసుకుని ఉంటాడు. మిగతా ఇరవై ఒకటి ప్రభుత్వానివని దీనికి అర్థం కాదు. అవి ఎవరివో ఎవరూ రాయలేదు, అంతే. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, ఈ వ్యవహారంలో అది పావు వంతు అంగీకారం కూడా కాదు.

ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. కర్నూలులో రాజ్‌విహార్ దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపాను. 2014 చివర్లో ఒక వర్తక సంఘానికి మూడు వేల క్యాలెండర్లు వేశాం. యాగంటి కోనేరు ఫోటో కావాలన్నారు. మా డీటీపీ కుర్రవాడు ఒక ప్రభుత్వ సైటు నుంచి దించాడు. కింద పేరు లేదు, నేనూ అడగలేదు. సంక్రాంతి దాటాక ఒక పెద్దాయన చేతిలో మా క్యాలెండరుతో ప్రెస్సుకు వచ్చారు. కేకలు వేయలేదు, సంచిలోంచి నెగెటివ్ తీసి బల్ల మీద పెట్టారు. ఎప్పుడో ఒక ప్రదర్శన కోసం ఏదో ఆఫీసుకు ప్రింటు ఇచ్చారట, అక్కడెవరో దాన్ని స్కాన్ చేశారు, అది ఆఫీసులు తిరిగి తిరిగి సైటుకెక్కింది. "నేను ఫోటో ఇచ్చాను, హక్కు ఇవ్వలేదు" అన్నారాయన. ఆరు వేలు ఇచ్చి, పంచని క్యాలెండర్లన్నిటికీ ఆయన పేరుతో స్టిక్కర్లు అంటించాం. ఆ డబ్బు నా జేబులోంచే పోయింది. వర్తక సంఘం మరుసటి ఏడాది క్యాలెండర్లు శివకాశిలో వేయించుకుంది. అప్పటి నుంచి ఫోటో ఎక్కడిదో రాసివ్వని పార్టీకి అచ్చు ప్లేటు వేయలేదు.

ఆ ఫోటోలు సైట్లోకి చేరే దారులు మీకు తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. కొన్నిటిని ఆఫీసు ఉద్యోగే తీస్తాడు. కొన్నిటికి స్టూడియో వాళ్లను పిలిపించి బిల్లు చెల్లిస్తారు. ఉత్సవాలప్పుడు ఫోటోల పోటీ పెడతారు, బహుమతులు ఇస్తారు, వచ్చినవన్నీ కంప్యూటర్లో ఉండిపోతాయి. పెద్దవారెవరో వస్తున్నారని రాత్రికి రాత్రి బ్రోచరు కావాల్సి వస్తే పత్రికల ఫోటోగ్రాఫర్లకు ఫోన్లు వెళతాయి, వాళ్లు మొహమాటానికి వాట్సాప్‌లో పంపుతారు. ఇవేవీ దొరకకపోతే అవుట్‌సోర్సింగ్ ఆపరేటరు ఇంటర్నెట్‌లో వెతికి బాగున్నది ఒకటి దించి పెడతాడు. మూడేళ్లు గడిచేసరికి అధికారి బదిలీ అవుతాడు, ఆపరేటరు మారతాడు, ఏ ఫోటో ఏ దారిన వచ్చిందో చెప్పేవాళ్లు ఉండరు.

దారిని బట్టి యజమాని మారతాడు. చట్టంలో 17వ సెక్షన్ ఈ లెక్క చెబుతుంది. మామూలుగా ఫోటో తీసినవాడే దానికి కర్త, కర్తే తొలి యజమాని. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి యజమాని. పెళ్లి ఫోటోలకూ ఇదే సూత్రం, ఈ మాట స్టూడియో వాళ్లకు రుచించదు. కాబట్టి ఉద్యోగి విధుల్లో భాగంగా తీసినవి, బిల్లు చెల్లించి తీయించినవి ప్రభుత్వానివే, వాటి విషయంలో సైటు ఇచ్చే అనుమతి పనికొస్తుంది. పత్రికలో ఉద్యోగం చేసే ఫోటోగ్రాఫర్ సంగతి వేరు. పత్రిక కోసం తీసిన ఫోటోను పత్రికల్లో ప్రచురించే హక్కు యాజమాన్యానిది, మిగతా అన్ని రకాల హక్కులూ ఆ ఫోటోగ్రాఫర్‌వే, వేరే ఒప్పందం లేకపోతే. అంటే మీ పుస్తకంలో వేయడానికి అడగాల్సింది పత్రికను కాదు, అతణ్ణి. ఇది తెలియని ఫోటోగ్రాఫర్లే ఎక్కువ. పోటీలో బహుమతి ఇచ్చినంత మాత్రాన హక్కు ఆఫీసుకు రాదు, బదిలీ జరిగిందనాలంటే సంతకంతో కాగితం ఉండాలని 19వ సెక్షన్ అంటుంది. ఎంట్రీ ఫారంలో ఏం రాశారన్నదే ప్రశ్న. ఇక ఆపరేటరు ఇంటర్నెట్ నుంచి దించినదైతే ఆఫీసుకే హక్కు లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తనది కానిదానికి సైటు ఎన్ని అనుమతులిచ్చినా అవి చెల్లవు.

ఇక్కడ ఎవరైనా ప్లీడరు మీకు ఎదురు వాదన చెప్పవచ్చు. 2(కె) సెక్షన్ ప్రకారం ప్రభుత్వం గానీ ప్రభుత్వ శాఖ గానీ తయారు చేసినది మాత్రమే కాదు, 'ప్రచురించినది' కూడా ప్రభుత్వ రచన కిందికి వస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే ప్రభుత్వ రచనకు ప్రభుత్వమే తొలి యజమాని అని 17(డి) చెబుతుంది. ఆ రెండూ కలిపి అక్షరాలా చదివితే, సైటులో పెట్టిన క్షణం నుంచి ఫోటో ప్రభుత్వానిదైపోతుంది. వినడానికి బాగుంది. అయితే మరొకరు ఎప్పుడో తీసి, ఎక్కడో ప్రచురించుకున్న ఫోటోను ఒక ఆఫీసు గ్యాలరీలో ఎక్కించినంత మాత్రాన ఆయన హక్కు ఆవిరైపోతుందంటే, సంతకం లేనిదే బదిలీ లేదన్న 19వ సెక్షన్‌కు అర్థమే ఉండదు. పైగా బయటివారి హక్కులు తమ అనుమతిలోకి రావని సైటు తానే ఒప్పుకుంటోంది. ఆ వాదన మీద నా డబ్బు మాత్రం పందెం కాయను, మీకూ కాయమని చెప్పను.

ఇంకో రెండు అపోహలు తరచూ వింటుంటాను. ప్రభుత్వానిది అంటే ప్రజలందరిదీ, కాపీరైటే ఉండదు అనేది మొదటిది. అది అమెరికా చట్టం. అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా చేసిన వాటికి ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. అక్కడ కూడా ప్రభుత్వ సైటులోని బయటివారి ఫోటోలకు ఉంటుంది. మన దగ్గర ప్రభుత్వ రచనకు ప్రచురించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ల కాపీరైట్ ఉంది, 1970లో ప్రచురించినది 2030 చివరి దాకా నడుస్తుంది. రెండోది, 2017లో కేంద్రం ఓపెన్ డేటా లైసెన్సు తెచ్చింది కదా, ఇక అన్నీ స్వేచ్ఛగా వాడుకోవచ్చు అనేది. ఆ లైసెన్సు కింద విడుదల చేశామని ప్రకటించిన సమాచారానికే అది వర్తిస్తుంది. ఇతరుల మేధోహక్కులు ఉన్నవాటిని ఆ లైసెన్సే మినహాయించింది. మళ్లీ మొదటికే వచ్చాం.

మీ ఇరవై రెండింటినీ ఒక సాయంత్రం కూర్చుని ఇలా వడపోయండి. ముందు ఫైలు పేరు చూడండి. పేరు మధ్యలో తేదీ, ఆ తరువాత డబ్ల్యూఏ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే అది వాట్సాప్‌లో వచ్చిన ఫోటో, అంటే ఎవరో ఎవరికో పంపినది. డీఎస్‌సీ అని మొదలై అంకెలుంటే నేరుగా కెమెరాలోంచి వచ్చినది, దాని లోపలి వివరాల్లో కెమెరా, తేదీ, ఒక్కోసారి తీసినవారి పేరు కూడా దొరుకుతాయి. వాట్సాప్ ఆ వివరాలన్నీ తుడిచేస్తుంది. తరువాత గూగుల్‌లో ఆ బొమ్మనే పెట్టి వెతకండి. సైటులో చిన్నగా ఉన్న ఫోటో ఇంకెక్కడైనా పెద్దగా, పాత తేదీతో, ఒక పేరు కింద కనిపిస్తే మీ మనిషి దొరికినట్టే. సైటులోని ఫోటో అంచులు కత్తిరించి ఉండి, బయట దొరికినదానిలో ఆ అంచులు ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఈ వెతుకులాటకు ఇంకో లాభం ఉంది, ప్రెస్సువాడిగా చెబుతున్నాను. వెబ్‌సైటు బొమ్మ అచ్చుకు పనికిరాదు. అంగుళానికి 300 చుక్కలు ఉంటేనే ఆర్ట్ పేపర్ మీద గండికోట రాళ్లు రాళ్లలా కనబడతాయి. డెమ్మీ సైజులో నిండు పేజీ వేయాలంటే ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు, అంటే 2,550 పిక్సెళ్లు కావాలి. మీరు దించుకున్నవి ఎంత ఉన్నాయో చూడండి. తక్కువుంటే ఎలాగూ అసలు ఫైలు కోసం తీసినాయన దగ్గరికే వెళ్లాలి. వెళ్లినప్పుడు అనుమతి కూడా అడిగేయండి.

మన జిల్లాల్లో మనిషిని పట్టుకోవడం అంత కష్టం కాదు. బెలుం గుహల్లోకి మంచి లైట్లు మోసుకెళ్లినవాళ్లు, లేపాక్షి నంది దగ్గర తెల్లవారుజామున కూర్చున్నవాళ్లు లెక్కపెట్టేంత మందే. కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో ఏ పాత స్టూడియోలో కూర్చుని ఫోటో చూపించినా 'ఇది ఫలానా ఆయన పనితనం' అంటారు. నాకు రెండు ఫోన్ల కన్నా ఎక్కువ పట్టిన సందర్భాలు తక్కువ.

ఆఫీసుకు మాత్రం రాతపూర్వకంగా అడగండి. సైటు అడుగున రెండు పేర్లు ఉంటాయి, సమాచారం ఎవరిదో చెప్పేది ఒకటి, సైటు తయారీ, నిర్వహణ ఎవరివో చెప్పేది ఒకటి. రెండోది సాధారణంగా జాతీయ సమాచార కేంద్రం, అంటే ఎన్ఐసీ. అనుమతి ఇచ్చే అధికారం వాళ్లకు ఉండదు, జిల్లా యంత్రాంగానికే రాయాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇంకో తిరకాసు వచ్చింది. లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి, బెలుం, యాగంటి నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. పాత ఫోటోలను తీయించింది ఉమ్మడి జిల్లా ఆఫీసు కావచ్చు, బిల్లుల కాగితాలు అక్కడే ఉండవచ్చు, ఇద్దరికీ రాయండి. పర్యాటకాభివృద్ధి సంస్థ తీయించినవైతే యజమాని ఆ సంస్థే, ప్రభుత్వరంగ సంస్థలకు చట్టంలో వేరే క్లాజు ఉంది. లేఖలో 'ఫోటోలు వాడుకోవచ్చా' అని అడిగితే వాడుకోండి అనే జవాబు వస్తుంది, దానితో మీకు ఒరిగేదేమీ లేదు. 'జతచేసిన ఈ ఫోటో ఎవరు తీశారు, ఏ ఒప్పందం లేదా ఏ బిల్లు కింద మీకు వచ్చింది' అని ఒక్కో ఫోటోకు విడిగా అడగండి.

జవాబు రాకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు, 30 రోజుల గడువు ఉంటుంది. అయితే కాగితం పొందే హక్కు వేరు, అచ్చు వేసుకునే హక్కు వేరు. ప్రభుత్వం కానివారి కాపీరైట్‌కు భంగం కలిగేటట్టయితే ప్రతి ఇవ్వడానికే నిరాకరించవచ్చని ఆ చట్టంలోని 9వ సెక్షన్ చెబుతుంది. ఒక విధంగా ఆ నిరాకరణ కూడా మీకు మేలే, ఫోటో బయటివారిదని ఆఫీసు రాసిచ్చినట్టు అవుతుంది.

ఫోటోగ్రాఫర్ ఒప్పుకున్నాక నోటి మాటతో సరిపెట్టుకోవద్దు. ఏ ఫోటో, ఏ పుస్తకం, ఎన్ని ప్రతులు, తరువాతి ముద్రణలకు కూడానా, ఈ-బుక్ ఉందా, పేరు ఎక్కడ వేస్తారు, ఎంత ఇస్తారు అని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లే లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మీ పుస్తకం మన వాళ్ల పిల్లలు ఉన్న అమెరికాకు కూడా వెళుతుందనుకుంటే ఆ మాట రాయించుకోండి. డబ్బు గురించి ఎక్కువ భయపడవద్దు. మీలాంటి చిన్న పుస్తకానికి పేరు, రెండు ప్రతులు చాలన్నవారినే నేను ఎక్కువగా చూశాను. అడగకుండా వేసినవారి దగ్గర మాత్రం ఎవరూ ఆ మాట అనరు.

అడగకుండా వేస్తే ఏమవుతుందని మీరు అడగలేదు గానీ చెప్పాలి. మీకు తెలియదని, తెలిసే వీలు కూడా లేదని రుజువు చేసుకుంటే సివిల్ కేసులో నిషేధ ఉత్తర్వు, మీకొచ్చిన లాభం మొత్తమో కొంతో ఇవ్వమనడం వరకే వస్తాయి. తెలిసి చేస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కుదారు తాను ఉండే ఊళ్లోనే దావా వేయవచ్చు, హైదరాబాదు ఆయనైతే మీరు సెలవు పెట్టి హైదరాబాదు తిరగాలి. మీరు ప్రభుత్వ ఉద్యోగి కూడా, కేసు అన్న మాటే ఎంత తలనొప్పో నేను చెప్పనక్కర్లేదు. పాఠం చెప్పేటప్పుడు తరగతిలో ఆ ఫోటోలు చూపించుకోవడానికి మినహాయింపు ఉంది, వెల పెట్టి అమ్మే పుస్తకానికి లేదు.

ఎవరివో తేలని ఫోటోలు నాలుగైదు మిగులుతాయి. వాటిలో 1951 లోపు ప్రచురితమైనవి ఉంటే నిశ్చింతగా వేసుకోండి, వాటి గడువు 2012 సవరణ రాకముందే ముగిసిపోయింది. ప్రచురణ సంవత్సరానికి రుజువు మాత్రం ఉండాలి. ఆ తరువాతివైతే వదిలేయండి. యజమాని దొరకని రచనలకు కోర్టు ద్వారా లైసెన్సు తెచ్చుకునే దారి 31ఎ సెక్షన్‌లో ఉంది గానీ, వెయ్యి ప్రతుల పుస్తకానికి అంత ఖర్చు దండగ. ఆ చోట ఒక క్యూఆర్ కోడ్ వేసి సైటులోని గ్యాలరీకి దారి చూపవచ్చు, లింకు ఇవ్వడం ఫోటోను అచ్చు వేయడం కిందికి రాదు. లేదా మీరే తీయండి. పెన్నా నదికీ, ఆ లోయకూ కాపీరైట్ లేదు, ఫోటోకే ఉంది. జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కోట కనుక స్టాండు, డ్రోను వాడాలనుకుంటే ముందే అనుమతి అడగండి. చేతిలో పట్టుకునే మామూలు కెమెరా చాలు.

చివరిగా ప్రెస్సు చిట్కా ఒకటి. ఒకే కాగితం మీద కలిపి అచ్చయ్యే పదహారు పేజీలను మేం ఫారం అంటాం, 160 పేజీలంటే పది ఫారాలు. ఫోటోలను పుస్తకమంతా చల్లకుండా అన్నిటినీ ఒకే ఫారంలో, ఆర్ట్ పేపర్ మీద సర్దమని మీ డీటీపీ ఆయనకు చెప్పండి. రేపు ఏదైనా ఒక ఫోటో మీద పేచీ వస్తే ఆ ఒక్క ఫారం మార్చుకుంటే సరిపోతుంది, పుస్తకమంతా చించక్కర్లేదు. ఆఫీసు నుంచి, ఆ గండికోట ఆయన నుంచి జవాబులు వచ్చేలోగా మిగతా తొమ్మిది ఫారాలూ అచ్చు వేయించుకోవచ్చు.